కొత్త మ్యూజియం దగ్గర స్టాల్ పెట్టాలా, లోపలి షాపుకి సరుకు ఇవ్వాలా, పక్క కేఫ్‌లో బల్ల తీసుకోవాలా?

మా వదిన కె.ఆర్.పురంలో ఇంట్లోనే కలంకారీ గుడ్డతో పౌచ్‌లు, పుస్తకాల అట్టలు, చిన్న చేతి సంచులు కుట్టి అమ్ముతుంది. బెంగళూరులో ఏ మూల కొత్త గ్యాలరీ తెరుస్తున్నారన్నా, మ్యూజియం తెరుస్తున్నారన్నా నాకు ఫోన్ వస్తుంది. "మరిదీ, అక్కడ జనం విరగబడి వస్తారంట కదా, స్టాల్ పెడదామా?" అని. ఆమె వెనక అట్టపెట్టెలు మోసి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఒకసారి అక్టోబర్ వానలో తడిసిన సరుకంతా ఇంట్లో తీగల మీద ఆరేసుకుని నేర్చుకున్న సంగతులివి. చేతిపని సరుకు అమ్మేవాళ్లకి, మన ఊళ్ల నుంచి బొమ్మలో చీరలో తెచ్చి ఇక్కడ అమ్ముకునేవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నా.

ముందుగా ఒక మాట. జనం ఎంతమంది వస్తారన్నది చూసి స్థలం ఎంచుకోకండి. తిరునాళ్లకి పోయేవాళ్లు ఏదో ఒకటి కొనాలనే పోతారు, గాజులో, జీళ్లో, పిల్లాడికి బూరో కొనకుండా ఇల్లు చేరరు. మ్యూజియానికి పోయేవాళ్లు చూడటానికి పోతారు, కొనడం వాళ్ల లెక్కలో లేదు. పైగా చాలా మ్యూజియంలలో పెద్ద సంచులు గేటు దగ్గరే పెట్టించేస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు వాళ్ల తొందర టికెట్ గురించి, క్యూ గురించి, పిల్లల గురించి. మీ దగ్గర ఏదైనా కొని అది పట్టుకుని రెండు గంటలు తిరగడం ఎవరికి ఇష్టం? అదే మనిషి బయటికి వచ్చేటప్పుడు కాళ్లు లాగుతుంటాయి కానీ మనసు తేలిగ్గా ఉంటుంది, ఇంట్లో ఎవరికైనా గుర్తుగా ఏదైనా తీసుకెళ్దామా అనిపిస్తుంది. అందుకే స్టాల్ బయటికొచ్చే దారిలో ఉందా, లోపలికెళ్లే దారిలో ఉందా అన్నదే నేను మొదట అడిగేది. అద్దె ఎంత అన్నది దాని తర్వాతే.

రెండోది, ప్రారంభం రోజుల్లో వచ్చే జనం వేరు, ఆ తర్వాత వచ్చే జనం వేరు. మొదటి రోజు ఆహ్వానం అందినవాళ్లు, పత్రికలవాళ్లు, కళాకారులు, పెద్దమనుషులు వస్తారు. ఫొటోలు బాగా వస్తాయి, "ఎంత బాగున్నాయండీ" అనేవాళ్లు ఎక్కువ, పర్సు తీసేవాళ్లు తక్కువ. మొదటి శని, ఆదివారాల్లో రద్దీ ఉంటుంది కానీ ఆ రద్దీలో నిలబడి చూసే తీరిక ఎవరికీ ఉండదు. నాకు అనిపించింది ఏమిటంటే, రెండో నెలలో ఒక మామూలు శనివారం సాయంత్రం వచ్చేవాళ్లే అసలు కొనుగోలుదారులు. కాబట్టి ప్రారంభం వారంలో మీకు దక్కేది ముఖ్యంగా పరిచయం. అమ్మకం ఆ తర్వాత వస్తుంది. ఉన్న డబ్బంతా మొదటి వారం అద్దెకే పోస్తే ఆ తర్వాతి నెలలకి ఏం మిగులుతుంది?

ఒకే రోడ్డు, రెండు జేబులు

ఏ మ్యూజియం అన్నది కూడా చూడాలి. మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ, అందరూ మ్యాప్ అంటారే, కస్తూర్బా రోడ్డులో 2023 ఫిబ్రవరిలో తెరిచారు. స్టీలు పలకలతో నీళ్ల ట్యాంకులా కనబడే ఐదంతస్తుల బిల్డింగ్. అక్కడికి వచ్చేది బొమ్మలన్నా ఫొటోలన్నా ఇష్టం ఉన్నవాళ్లు, డిజైన్ చదివే పిల్లలు, పక్కనే యూబీ సిటీ అనే ఖరీదైన మాల్‌కి వచ్చి ఇటూ ఒక అడుగు వేసేవాళ్లు. చేనేత స్టోల్ (భుజం మీద వేసుకునే పొడుగు గుడ్డ) పదిహేను వందలు అన్నా మొహం చిట్లించరు, కానీ గుడ్డ ఎక్కడిది, రంగు ఎలా వేశారు, ఎవరు నేశారు అని పది ప్రశ్నలు వేస్తారు. జవాబు మీ దగ్గర ఉండాలి.

అదే రోడ్డులో విశ్వేశ్వరయ్య ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియం ఉంది, 1962లో నెహ్రూ ప్రారంభించింది. (విశ్వేశ్వరయ్య ఇంటిపేరు మోక్షగుండం అన్నది మన ఉమ్మడి ప్రకాశం జిల్లా గిద్దలూరు వైపు ఊరు పేరని ఇక్కడి కన్నడ స్నేహితులకి చెప్తే నమ్మరు.) అక్కడికి స్కూలు బస్సులు వస్తాయి. పిల్లల చేతిలో ఉండేది యాభై, వంద రూపాయలు. అక్కడ పదిహేను వందల స్టోల్ పెట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి దుమ్ము దులుపుకుని లేవడమే. రెండు మ్యూజియంల మధ్య నడక కొద్ది నిమిషాలు, జేబుల మధ్య దూరం మాత్రం చాలా.

బళ్లారి రోడ్డులో 2024 జనవరిలో తెరిచిన సైన్స్ గ్యాలరీ ఇంకో రకం. ప్రవేశం ఉచితం, ముఖ్యంగా 15 నుంచి 28 ఏళ్ల వాళ్లని దృష్టిలో పెట్టుకుని నడిపేది. టికెట్ లేదంటే జనం బాగానే వస్తారు, కానీ విద్యార్థుల జేబు తెలిసిందే కదా. స్టిక్కర్లు, బ్యాడ్జీలు, చిన్న నోట్‌బుక్‌లు అయితే సరే. జె.పి.నగర్ ఏడో ఫేజ్‌లో 2019లో వచ్చిన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ దగ్గరైతే పిల్లలతో వచ్చే కుటుంబాలు కనబడతాయి. ఏటికొప్పాక లక్క గిలక్కాయ, బొంగరం లాంటివి అలాంటి చోట చేతికి అందగానే పిల్లలు వదలరు, ఆ తర్వాత పని అమ్మానాన్నలదే.

కొత్తగా తెరిచే మ్యూజియం ఈ నాలుగింటిలో దేనికి దగ్గరగా ఉందో చూసుకుంటే మీ సరుకు అక్కడ నడుస్తుందో లేదో సగం తెలిసిపోతుంది.

ప్రారంభం రోజుల స్టాల్

మ్యూజియంవాళ్లే ఆవరణలో రెండు మూడు రోజుల బజారు పెట్టి స్టాళ్లు ఇస్తే, అది అందరికీ మొదట కనబడే అవకాశం. మంచి సంగతి ఏమిటంటే డబ్బు అదే రోజు చేతికొస్తుంది, కొనేవాళ్ల మొహం చూసి ఏ రంగు అడుగుతున్నారో, ఏ ధర దగ్గర చెయ్యి ఆగిపోతోందో తెలుస్తుంది. ఇంకెక్కడా ఈ చదువు ఇంత త్వరగా రాదు. బోణీ ఎవరు చేశారో, ఏది కొన్నారో మా వదిన ఇప్పటికీ నోట్‌బుక్‌లో రాస్తుంది.

చెడ్డ సంగతులు కూడా చెప్తా. ప్రారంభం తేదీలు జరుగుతాయి. లిఫ్ట్ సర్టిఫికెట్ రాలేదని, ముఖ్య అతిథికి కుదరలేదని, ఏదో ఒకటి. తేదీ జరిగితే అద్దె వాపసు ఇస్తారా, కొత్త తేదీకి సర్దుతారా అన్నది రాతలో లేకపోతే మీ డబ్బు అక్కడే కూర్చుంటుంది. ఒకచోట, పేరు ఎందుకులెండి, మాకు బయటికొచ్చే గేటు పక్కన స్థలం అని ఫోన్లో చెప్పి, తీరా ఉదయం ఏడింటికి పెట్టెలతో వెళ్తే జనరేటర్ వెనక, వాహనాలు ఆపే వైపు చూపించారు. అడిగితే "మేడమ్, లేఅవుట్ మారింది" అన్నారు. రెండు రోజులు ఆ చప్పుడులో అరిచి అరిచి వదిన గొంతు పోయింది. అప్పటి నుంచి మేం డబ్బు కట్టేముందు స్టాల్ నంబర్ వేసిన ప్లాన్ కాగితం వాట్సాప్‌లో పంపమంటాం. పంపను అన్నవాళ్లకి డబ్బు కట్టం. అంతే.

అద్దెలో ఏమేం కలిసి ఉన్నాయో అడగండి. బల్ల ఎన్ని అడుగులు, కుర్చీలు ఎన్ని, లైటు ఉందా, ప్లగ్ పాయింట్ ఉందా, పైన కప్పు వాన ఆపేదా లేక ఎండ మాత్రమే ఆపే గుడ్డా, రాత్రి సరుకు అక్కడే పెట్టి వెళ్లొచ్చా, కాపలా ఎవరిది. బెంగళూరులో మే నెలలో సాయంత్రం గాలివాన, సెప్టెంబర్, అక్టోబర్‌లలో గట్టి వానలు మామూలే. కలంకారీ తడిస్తే రంగు దిగుతుందేమో అన్న టెన్షన్ పడేకంటే రెండు వందలు పెట్టి టార్పాలిన్ కొనుక్కోవడం నయం.

మ్యూజియం షాపుకి సరుకు ఇవ్వడం

ఇది రెండు రకాలు. ఒకటి, షాపువాళ్లు మీ దగ్గర నేరుగా కొనేస్తారు. ఇంకోటి, అమ్ముడైతేనే డబ్బు, కాకపోతే సరుకు వాపసు. చిన్నవాళ్లకి ఎక్కువగా ఇచ్చేది రెండోదే, అందులో వాళ్ల వాటా శాతం పట్టుకుంటారు.

నిలబడే శ్రమ లేదు, మనిషిని పెట్టుకోనక్కర్లేదు, ఏసీలో అద్దాల అర మీద మీ సంచి కూర్చుంటుంది, పైగా షాపు సాధారణంగా బయటికొచ్చే దారిలోనే ఉంటుంది. కానీ డబ్బు నెల, రెండు నెలల తర్వాత వస్తుంది. చెయ్యి పడి మాసిపోయినవి, అద్దం పగిలినవి మీ లెక్కలోనే రాస్తారు, ఆ ముక్క ముందే మాట్లాడుకోండి. కొనేవాళ్ల ఫోన్ నంబర్ మీకు రాదు, మీ పేరు కూడా ట్యాగ్ మీద ఉండనిస్తారో లేదో అడగాలి. నేరుగా కొనే పద్ధతి అయితే ఒక ఆధారం ఉంది: ఉద్యమ్ అని చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ చేసుకున్న చిన్న ఉత్పత్తిదారులకి, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా సరే, కొన్నవాళ్లు 45 రోజులు దాటకుండా చెల్లించాలని చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం చెబుతుంది. ఆ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్లో అయిపోతుంది, దానికి డబ్బు అడిగే ఏజెంట్ల మాట వినకండి.

ఇంకో సంగతి. మ్యూజియంలో ఉన్న బొమ్మని మీ మగ్గుల మీద, మ్యాగ్నెట్ల మీద వేసి వాళ్లకే చూపిస్తే మురిసిపోతారని అనుకుంటారు కొందరు. మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 1906లో పోయిన రవివర్మ బొమ్మలకి ఆ గడువు ఎప్పుడో తీరింది, కానీ నిన్నమొన్నటి చిత్రకారుల బొమ్మలకి తీరలేదు. బొమ్మ పాతదే అయినా మ్యూజియంవాళ్లు తీసిన ఫొటో వాడాలంటే వాళ్లని అడగడమే మంచిది, మ్యూజియం పేరు, లోగో అయితే అడగకుండా ముట్టుకోవద్దు. బొమ్మ కాపీ కొట్టడం కంటే దాని రంగులు తీసుకుని మీ పని మీరు చేస్తే షాపువాళ్లకీ కొత్తగా కనబడుతుంది.

పక్క కేఫ్‌లోనో షాపులోనో ఒక మూల

నాకు బాగా నచ్చేది ఇదే, అందరూ పట్టించుకోనిది కూడా ఇదే. కొత్త మ్యూజియం వస్తే చుట్టుపక్కల కేఫ్, పుస్తకాల షాపు, పాత ఫర్నిచర్ షాపు, వీటికి కూడా జనం పెరుగుతారు. మ్యూజియం చూసినవాళ్లు కాఫీకి కూర్చుంటారు. కూర్చున్న మనిషికి ఎదురుగా మీ అర ఉంటే పది నిమిషాలు చూస్తూనే ఉంటాడు, స్టాల్ ముందు అంతసేపు ఎవరూ నిలబడరు. నెలకి ఇంత అద్దె, లేదా అద్దె కొంచెం తగ్గించి అమ్మకం మీద కొంత శాతం, ఇలా మాట్లాడుకోవచ్చు. ఓనరు తెలుగువాళ్లో కన్నడవాళ్లో అయితే ఇంకా సులువు, నేరుగా వెళ్లి మాట్లాడొచ్చు.

కష్టం ఎక్కడంటే కేఫ్ పిల్లలకి మీ సరుకు అమ్మాలన్న పట్టింపు ఉండదు. ధర అడిగితే "తెలీదు సార్" అంటారు. ప్రతి వస్తువు మీద ధర, క్యూఆర్ కోడ్, మూడు లైన్లలో ఏమిటిది ఎక్కడిది అన్నది రాసి పెడితేనే నడుస్తుంది. కాఫీ మరకలు పడే బల్లకి దూరంగా అర అడగండి. వారానికి ఒకసారి వెళ్లి సర్దుకోవాలి, వెళ్లకపోతే మీ అర మీద వాళ్ల టిష్యూ పెట్టెలు చేరతాయి.

ఈ మూడింటికీ ఒక లెక్క

ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, మీవి మీరు పెట్టుకుని చూడండి. వస్తువు ధర 500. గుడ్డ, కుట్టుకూలి, ప్యాకింగ్ కలిపి మీకు పడేది 220. అంటే నేరుగా అమ్మితే ఒక్కోదానికి 280 మిగులుతుంది.

రెండు రోజుల స్టాల్‌కి అద్దె 6,000, సరుకు తెచ్చి తీసుకెళ్లడానికి బండి 1,200, సాయం మనిషికి 1,600, తిండి, టీలకి 600, మొత్తం 9,400 అనుకుందాం. 33 వస్తువులు అమ్మేదాకా మీరు అద్దెవాడి కోసం పనిచేస్తున్నట్టే, 34వది అమ్మాకే మీకు రూపాయి. 60 అమ్మితే 7,400 మిగులుతుంది. రెండు రోజుల్లో 60 అంటే గంటకి మూడు నాలుగు, వాన పడకపోతే.

మ్యూజియం షాపు వాటా 40 శాతం అనుకుంటే ఒక్కోదానికి 80 మిగులుతుంది. అదే 7,400 రావాలంటే 93 అమ్ముడుపోవాలి. కానీ ఒక్కటీ అమ్ముడుపోకపోయినా జేబులోంచి పెద్దగా పోయేది లేదు, సరుకు అక్కడ ఇరుక్కుని ఉంటుంది అంతే.

కేఫ్ మూల నెలకి 8,000, అమ్మకం మీద 10 శాతం అనుకుంటే ఒక్కోదానికి 230. నెలలో 35 అమ్మితే అద్దె తీరుతుంది, 67 అమ్మితే ఆ 7,400 వస్తుంది. నెలలో 67 అంటే రోజుకి రెండు చిల్లర. ఎవరూ నిలబడకుండా!

ఇదంతా చూశాక మా వదిన అడిగిన ప్రశ్న బాగుంది. "నా రెండు రోజుల కూలి ఎక్కడ వేశావు మరిదీ?" వేయలేదు. స్టాల్ లెక్కలో మీ సొంత కూలి కూడా వేసుకోండి, మనలో చాలామంది వేసుకోం.

ఫుట్‌పాత్ మీద బల్ల

ప్రారంభం రోజున గేటు బయట రోడ్డు పక్కన ఒక మడత బల్ల వేసేస్తే అద్దె గొడవ ఉండదు కదా అని అడుగుతారు కొత్త పిల్లలు. వద్దనే చెప్తాను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అమ్ముకోవడానికి సర్టిఫికెట్ ఉండాలి, ఎక్కడ అమ్మొచ్చో ఎక్కడ కూడదో టౌన్ వెండింగ్ కమిటీతో కలిసి స్థానిక సంస్థ నిర్ణయిస్తుంది. ఊరంతటికీ ఒకటే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ పోయి 2025 సెప్టెంబర్ నుంచి బెంగళూరులో ఐదు కార్పొరేషన్లు అయ్యాయి, కాబట్టి అడగాలంటే ముందు ఆ రోడ్డు ఏ కార్పొరేషన్ కిందకి వస్తుందో చూసుకోవాలి. సరుకు పట్టుకెళ్తే, పాడవని వస్తువులైతే ఫీజు కట్టి అడిగాక రెండు పని రోజుల్లో తిరిగివ్వాలని చట్టంలో ఉంది, కానీ ఆ రెండు రోజుల్లోనే మీ ప్రారంభోత్సవం అయిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. కబ్బన్ పార్కు చుట్టూ చురుమురి, దోసకాయ ముక్కలు అమ్ముకునేవాళ్లు ఏళ్లుగా ఉన్నారు. వాళ్ల జీవనం ఆ జాగా మీదే. ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఇల్లు, ఉద్యోగం ఉన్న మనం వారాంతం సరదాకి వెళ్లి వాళ్ల చోట బల్ల వేయడం నాకు నచ్చదు. వాళ్లతోపాటు మనల్నీ తరిమితే మనం ఇంటికి పోతాం, వాళ్లెక్కడికి పోతారు?

అసలు మ్యూజియం దగ్గరే ఎందుకు?

ఇదీ ఆలోచించండి. బొమ్మలు వేసేవాళ్లకి జనవరి ఆరంభంలో ఒక ఆదివారం కర్ణాటక చిత్రకళా పరిషత్తువాళ్లు కుమారకృప రోడ్డులో పెట్టే చిత్రసంతె ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు కొనడానికే వస్తారు, సంత అన్న పేరులోనే ఉంది. ముందే దరఖాస్తు చేసుకోవాలి. సండే సోల్ సంతె లాంటి బజార్లకి టికెట్ కొని మరీ వస్తారు, బట్టలు, నగలు, ఇంటి అలంకరణ వస్తువులు అక్కడ బాగా పోతాయి, కానీ పక్క స్టాల్‌లోనూ అవే ఉంటాయి. ప్రారంభం తేదీ జనవరి, ఆగస్టులలో లాల్‌బాగ్ పూల ప్రదర్శన రోజుల్లో పడితే ఊరి జనం అటు పోతారని, కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషె (వేరుశనక్కాయల జాతర) రోజుల్లో పడితే ఆ వైపు ట్రాఫిక్ కదలదని గుర్తు పెట్టుకోండి. మ్యూజియం దగ్గర మీకున్న ఒకే ఒక్క మేలు, మీలాంటివాళ్లు ఇంకో ఎనభై మంది పక్కన లేకపోవడం. ఆ మేలు లేని చోట, అంటే ప్రారంభం బజారులోనే వంద స్టాళ్లు ఇస్తున్నారంటే, సంతకే పోవడం నయం.

కాగితాలు

ఇక్కడ చాలామంది తడబడతారు. బెంగళూరులోనే ఉండి, ఇక్కడే వస్తువులు అమ్ముతూ, ఏడాదికి 40 లక్షలు దాటనివాళ్లకి మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ మీరు ధర్మవరం నుంచో మంగళగిరి నుంచో సరుకు తెచ్చి, ఇక్కడ స్థిరమైన అడ్రస్ లేకుండా నాలుగు రోజులు అమ్మి వెళ్లిపోతే, చట్టం మిమ్మల్ని క్యాజువల్ ట్యాక్సబుల్ పర్సన్ అంటుంది. అప్పుడు ఆ 40 లక్షల మాట వర్తించదు. అమ్మకం మొదలుపెట్టడానికి కనీసం 5 రోజుల ముందు రిజిస్టర్ అవ్వాలి, అంచనా పన్ను ముందే కట్టాలి, అది 90 రోజులు నడుస్తుంది, ఇంకో 90 రోజులు పొడిగించుకోవచ్చు. ప్రభుత్వం జాబితాలో చేర్చిన హస్తకళా వస్తువులు, చేతితోనే ఎక్కువగా చేసినవి, అమ్మే కళాకారులకి మాత్రం అమ్మకాలు 20 లక్షలు దాటనంత వరకు ఈ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది, పాన్ ఉండాలి, సరుకు తెచ్చేటప్పుడు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసుకునే బిల్లు, ఉండాలి. మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ఊళ్లో ఉన్నప్పుడే అకౌంటెంట్‌ని అడగండి, దారిలో లారీ ఆపినప్పుడు కాదు.

యూపీఐ సంగతి కూడా. 2025 జూలైలో యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ బెంగళూరులో చిన్న చిన్న బేకరీలకి, టీ కొట్లకి నోటీసులు పంపింది, చాలా కొట్ల ముందు "యూపీఐ లేదు, క్యాష్ ఓన్లీ" అని బోర్డులు వేలాడాయి. మ్యూజియం జనం దగ్గర నగదు ఉండదు, కాబట్టి యూపీఐ వద్దనడం కుదరదు. ఇంటి ఖర్చుల ఖాతా, అమ్మకాల ఖాతా వేరు చేసుకుంటే చాలు, అన్నయ్య పంపిన పెళ్లి డబ్బు కూడా అమ్మకం కింద లెక్కకి రాదు.

పొడులు, పచ్చళ్లు అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, ప్యాకెట్ మీద బరువు, ఎమ్మార్పీ, తయారు చేసినవాళ్ల పేరు, అడ్రస్, తయారీ నెల. లోపల తిండి అమ్మనిస్తారని ఆశ పెట్టుకోవద్దు, బొమ్మలకి పురుగు, తేమ పడవు. ఇంట్లో చేసిన సబ్బులు అమ్మేవాళ్లు వినండి, సబ్బు సౌందర్య సాధనం కిందకి వస్తుంది, దానికి తయారీ లైసెన్సు వేరే. ప్లాస్టిక్ కవర్లు కర్ణాటకలో 2016 నుంచే నిషేధం, కాగితం సంచి ధర పైన లెక్కలో చెప్పిన ఆ 220 ఖర్చులో వేసుకోండి.

బోర్డు కన్నడలో కూడా రాయించండి. 2024 చట్టం దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలంటుంది, అది అలా ఉంచినా, "బన్ని, నోడి" (రండి, చూడండి) అని రెండు ముక్కలు పెద్దక్షరాల్లో రాస్తే ఆగే కాళ్లు ఎక్కువ, మేం చూశాం. మన అక్షరాలకి దగ్గరే కాబట్టి తప్పు రాస్తే మనకే తెలిసిపోతుంది.

మరి ఎవరికి ఏది?

మీ వస్తువులు మూడు వందల లోపువి, తేలికవి, చేతిలో పట్టేవి అయితే మ్యూజియం షాపు కంటే స్టాలో కేఫ్ మూలో మేలు, ఆ ధరలో నలభై శాతం పోతే మిగిలేది ఉండదు. వెయ్యి దాటినవి, కథ చెప్పాల్సినవి, అంటే చేర్యాల బొమ్మ, చేనేత స్టోల్ లాంటివైతే ప్రారంభం స్టాల్‌లో మీరే నిలబడి చెప్పండి, ఆ తర్వాత షాపుకి ఇవ్వండి. పెద్దవి అయితే వేరే పద్ధతి. నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మల దీపాలు తెచ్చే ఒకాయన మాకు పరిచయం, ఆయన స్టాల్‌కి రెండంటే రెండే దీపాలు తెస్తాడు, వెలిగించి పెడతాడు, మిగతావి ఫొటోల్లో చూపించి ఆర్డర్ తీసుకుంటాడు. మెట్రో ఎక్కి ఇంటికి పోయేవాడు మూడడుగుల దీపం ఎలా మోస్తాడండి, ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు. చీరలవాళ్లు మాత్రం మ్యూజియం మానేయండి. చీర కొనేవాళ్లకి పరిచి చూపించే జాగా కావాలి, అద్దం కావాలి, పక్కన అమ్మో అక్కో ఉండి "ఈ అంచు బాగుంది" అనాలి, అవేవీ అక్కడ ఉండవు.

చేతిలో పాతిక వేలకి మించి లేనివాళ్లు అయితే నా మాట: ప్రారంభానికి పూర్తి స్టాల్ తీసుకోకండి. తెలిసినవాళ్లతో సగం సగం పంచుకోండి, పోటీ పడని సరుకు ఉన్నవాళ్లతో. పంచుకోవచ్చో లేదో ముందే అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు. మిగతా డబ్బుతో మూడు నెలలు కేఫ్ మూల తీసుకోండి, ఒప్పందం మాత్రం నెల నెలకే రాయించుకోండి.

ఈసారి మా వదిన కన్నేసింది ఒక చిన్న గ్యాలరీ మీద, ఇంకా తెరవలేదు. ప్రారంభానికి సగం స్టాల్, ఎదురుగా ఉన్న పుస్తకాల షాపులో నెలకి ఒక అర, ఇలా అనుకున్నాం. షాపు ఓనరు వారంలో చెప్తానన్నాడు. ఈలోగా వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లి ఆ పుస్తకాల షాపు ఎదురుగా రెండు గంటలు కూర్చుని, ఎంతమంది లోపలికి పోతున్నారో, ఎంతమంది చేతిలో సంచితో బయటికొస్తున్నారో గీతలు గీసి లెక్కపెడతాం. నోట్‌బుక్ నేను తెస్తాను, ఫ్లాస్కులో టీ వదిన తెస్తానంది.